ఇంట్లో కట్టే ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డుకి ఏ బ్యాటరీ? వైజాగ్ డౌన్‌లు ఎక్కాలంటే వేసుకోవాల్సిన లెక్క

బోర్డు సొంతంగా కట్టుకునేవాళ్లు బ్యాటరీ గురించి మొదట అడిగేది ఒకటే, ఒక చార్జికి ఎన్ని కిలోమీటర్లు వస్తుందని. చదునైన ఊళ్లో ఉంటే ఆ ప్రశ్నతో పని జరిగిపోతుంది. విశాఖలో జరగదు. ఆర్కే బీచ్ నుంచి ఊళ్లోకి రావాలంటే పాండురంగాపురం డౌనో, ఇంకో డౌనో ఎక్కాల్సిందే (వాలు రోడ్డుని ఇక్కడ డౌన్ అంటారు). సిరిపురం వైపు ఉండేవాళ్లకి ఉదయం దిగడం సుఖంగానే ఉంటుంది, అసలు పరీక్ష తిరుగు ప్రయాణంలో. కాబట్టి ఇక్కడ బ్యాటరీని ముందు ఎక్కడానికి, తర్వాత దిగడానికి, ఆ తర్వాతే కిలోమీటర్లకి చూసుకోవాలి. ఈ వరస తిరగేస్తే, బీచ్ రోడ్డంతా హాయిగా తిరిగి ఇంటి ముందున్న వాలు దగ్గర బోర్డుని చంకన పెట్టుకుని నడవాల్సి వస్తుంది.

డెక్ (నిలబడే పలక), చక్రాలు, మోటారు గురించి మీకు ఈపాటికే ఒక ఆలోచన ఉందనుకుంటున్నాను. 10ఎస్ 4పీ లాంటి మాటలు కొత్తయితే, సంగతి ఇంతే: ఎస్ అంటే సిరీస్, పీ అంటే ప్యారలల్. నాలుగేసి సెల్స్‌ని పక్కపక్కన కలిపి ఒక గుంపు చేసి, అలాంటి పది గుంపుల్ని ఒకదాని వెనక ఒకటి తగిలిస్తే 10ఎస్ 4పీ. మొత్తం 40 సెల్స్. ఎస్ పెరిగితే వోల్టేజీ పెరుగుతుంది, దాంతోపాటు స్పీడు. పీ పెరిగితే ఒకేసారి లాగగలిగే ఆంపియర్లు, నిలవ ఉండే కరెంటు రెండూ పెరుగుతాయి.

1. ముందు మీ డౌన్‌ని కొలవండి

ఫోన్లో యాప్‌లు ఉన్నాయి కానీ, తాపీమేస్త్రీ దగ్గరుండే రసమట్టం ఇంకా నమ్మకం. మీటరు పొడవున్న చెక్క పట్టీ ఒకటి తీసుకుని, రోడ్డు ఎక్కే దిశలోనే పెట్టి, పైన రసమట్టం ఉంచండి. కింది వైపు కొసని బుడగ మధ్యకి వచ్చేదాకా మెల్లగా లేపండి. ఆ కొసకీ రోడ్డుకీ మధ్య ఎన్ని సెంటీమీటర్లు వస్తే, వాలు అంత శాతం. పది సెంటీమీటర్లు వస్తే 10 శాతం. డౌన్ పొడవునా నాలుగైదు చోట్ల కొలిచి, అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన అంకె రాసుకోండి. సగటు తీయొద్దు. బోర్డు ఆగిపోయేది సగటు దగ్గర కాదు. ఈ పని తెల్లవారకముందే పెట్టుకోండి, లేకపోతే వచ్చేపోయే ప్రతివాళ్లకీ ఇదేం సర్వే అని వివరం చెప్పుకుంటూ కూర్చోవాలి.

2. ఆ వాలుకి ఎన్ని ఆంపియర్లు

మనిషి, బోర్డు కలిపి 85 కిలోలు అనుకుందాం. వాలు 10 శాతం. వెనక్కి లాగే భూమ్యాకర్షణ సుమారు 83 న్యూటన్లు (85 × 9.8 × 0.10). చక్రాల రాపిడికి ఇంకో 17 వేసుకోండి (గాలి అడ్డుని ఇక్కడ వదిలేశాను, కింద పెట్టుకునే రెట్టింపులో అది కలిసిపోతుంది). మొత్తం 100 న్యూటన్లు. గంటకి 20 కిలోమీటర్లంటే సెకనుకి 5.56 మీటర్లు. రెండూ గుణిస్తే 556 వాట్లు. ఇది చక్రం దగ్గర కావాల్సిన శక్తి. మోటారులో, బెల్టులో, కంట్రోలర్‌లో (బ్యాటరీ నుంచి మోటారుకి వెళ్లే కరెంటుని అదుపు చేసే బోర్డు) అయిదో వంతు పోతుందనుకుంటే బ్యాటరీ నుంచి దాదాపు 700 వాట్లు రావాలి.

36 వోల్టుల బ్యాటరీకి (10ఎస్ సగటున ఇచ్చేది ఇంతే) ఇది 19 ఆంపియర్లు. కానీ బరువు పడగానే వోల్టేజీ కుంగుతుంది, 33కి దిగితే అదే పనికి 21 ఆంపియర్లు కావాలి. వాలు మధ్యలో ఎవరో అడ్డొచ్చి ఆగి మళ్లీ బయల్దేరితే ఆ క్షణంలో ఇంకా ఎక్కువ లాగుతుంది. అందుకే వచ్చిన అంకెకి రెట్టింపు పెట్టుకోవడం నా పద్ధతి. 10 శాతం డౌన్‌కి బ్యాటరీ 40 ఆంపియర్లు వేడెక్కకుండా ఇవ్వగలగాలి. మీ బరువు, మీ వాలు వేరైతే పై లెక్కలో అంకెలు మార్చుకోండి.

3. ఎస్ ఎంత పెట్టాలో మీ సరదా కాదు, కంట్రోలర్ చెబుతుంది

సొంతంగా బోర్డు కట్టేవాళ్లలో ఎక్కువమంది వాడేది బెంజమిన్ వెడ్డర్ డిజైన్ చేసిన వెస్క్, లేదా దాని మీద ఆధారపడి చేసిన కంట్రోలర్లే. వాటిలో చాలావాటికి హద్దు 60 వోల్టులు. ఒక్కో సెల్ ఫుల్ చార్జిలో 4.2 వోల్టులు కాబట్టి 10ఎస్ అంటే 42, 12ఎస్ అంటే 50.4, 13ఎస్ అంటే 54.6. బ్రేకు వేసినప్పుడు మోటారు నుంచి వోల్టేజీ వెనక్కి ఎగదన్నుతుంది. అందుకే 60 వోల్టుల కంట్రోలర్‌కి 12ఎస్ దగ్గరే ఆగాలి. 48 వోల్టుల ఈ-సైకిల్ ప్యాక్ తేలిగ్గా దొరుకుతుంది కదా అని 13ఎస్ తగిలించేవాళ్లు ఉన్నారు. ఆరు వోల్టులు కూడా తేడా లేని చోట దిగుడు రోడ్డు మీద బ్రేకు వేసే ధైర్యం నాకు లేదు.

ఇక 10ఎస్సా, 12ఎస్సా? 190 కేవీ (అంటే ఒక్కో వోల్టుకి నిమిషానికి 190 చుట్లు తిరిగే) మోటారు, 15కి 36 పళ్ల బెల్టు, 90 మిల్లీమీటర్ల చక్రం తీసుకోండి. 36 వోల్టుల్ని 190తో గుణిస్తే నిమిషానికి 6,840 చుట్లు. 2.4తో భాగిస్తే చక్రం 2,850 చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 28 సెంటీమీటర్ల పైచిలుకు. అంటే బరువు లేకుండా గంటకి 48 కిలోమీటర్లు. మనిషి ఎక్కాక కొంత తగ్గినా, స్కూటీలని దాటే స్పీడే. 12ఎస్ పెడితే 58. వైజాగ్ రోడ్ల మీద ఆ స్పీడు ఎక్కడ వాడతారు? పాత వెస్క్ 4 బోర్డులకి ఇంకో చిక్కు ఉంది. మోటారు చుట్లని ఏడుతో (ఈ మోటార్లలో ఉండే అయస్కాంతాల జతలు ఏడు) గుణించాక వచ్చే ఈఆర్‌పీఎం 60,000 దాటకూడదంటారు. ఫుల్ చార్జిలో 10ఎస్‌కి అది దాదాపు 56,000, 12ఎస్‌కి 67,000.

నా ఓటు 10ఎస్‌కే. 36 వోల్టుల ఈ-సైకిళ్ల పుణ్యమా అని 42 వోల్టుల చార్జర్లు, 10ఎస్ బీఎంఎస్‌లు (సెల్స్‌ని సమంగా ఉంచి కాపాడే సర్క్యూట్లు) ఎక్కడైనా దొరుకుతాయి. చార్జర్ పాడైతే కొరియర్ కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు. బరువు బాగా ఉన్నవాళ్లు, కొత్త వెస్క్, 140 కేవీ మోటారు ఉన్నవాళ్లు 12ఎస్‌కి వెళ్లొచ్చు. అదే వాట్లకి తక్కువ ఆంపియర్లు పోతాయి, వైర్లు చల్లగా ఉంటాయి.

4. సెల్ ఏది, పీ ఎంత

అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. సెల్ మీద ఎంఏహెచ్ చూసి కొనేస్తారు. చూడాల్సింది ఆగకుండా ఎన్ని ఆంపియర్లు ఇస్తుందన్నది. 21700 సైజులో (21 మిల్లీమీటర్ల లావు, 70 పొడవు) రెండు సెల్స్ పక్కపక్కన పెట్టి చూడండి. శాంసంగ్ 50ఈ 4,900 ఎంఏహెచ్ ఉంటుంది కానీ దాని హద్దు 9.8 ఆంపియర్లు. మోలీసెల్ పీ42ఏ 4,200 ఎంఏహెచ్చే, కాగితం మీద 45 ఆంపియర్లు. 50ఈతో 10ఎస్ 2పీ కడితే 350 వాట్-అవర్లు వస్తాయి, చదును రోడ్డు మీద పాతిక కిలోమీటర్లు లాగుతుంది, చూసినవాళ్లు భేష్ అంటారు. కానీ అది ఇవ్వగలిగేది 19.6 ఆంపియర్లు. మన డౌన్ అడిగేది 21.

18650 సైజులో శాంసంగ్ 30క్యూ మంచి సెల్. 3,000 ఎంఏహెచ్, 15 ఆంపియర్లు. నాలుగు ప్యారలల్ పెడితే కాగితం మీద 60. కాగితం మీద ఉన్నదంతా లాగితే సెల్ కాగుతుంది, వోల్టేజీ కుంగుతుంది, ఆయుష్షు తగ్గుతుంది. సెల్‌కి పదేసి లెక్కన 40 ఆంపియర్లతో ఆపితే సరిగ్గా మనకి కావాల్సినంత. 10ఎస్ 4పీ, 432 వాట్-అవర్లు, సెల్స్ బరువే రెండు కిలోల లోపు.

నన్నడిగితే పీ42ఏతో 10ఎస్ 3పీ ఇంకా మేలు. ముప్పై సెల్సే, 454 వాట్-అవర్లు, అతికే చోట్లు తక్కువ. సెల్‌కి పదమూడు పధ్నాలుగు ఆంపియర్లు దానికి లెక్కలోకే రావు.

పాత లాప్‌టాప్ సెల్స్‌తో కట్టొచ్చా అని కుర్రాళ్లు అడుగుతూ ఉంటారు. పవర్ బ్యాంకు కట్టుకోండి, బోర్డుకి వద్దు. అవి కొత్తవిగా ఉన్నప్పుడే నాలుగైదు ఆంపియర్ల సరుకు. డ్రోన్లకి వాడే లైపో ప్యాక్‌లకి శక్తికి లోటు లేదు, కానీ పలకలాంటి మెత్తటి సంచీని రోడ్డుకి మూడంగుళాల ఎత్తులో, రాయి తగిలేచోట వేలాడదీయడం నాకు నచ్చదు.

ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) గురించి మాత్రం ఆలోచించండి. సోలార్ వీధి దీపాల్లో వాడే 32700 సెల్స్, 6,000 ఎంఏహెచ్‌వి, మన దేశంలో బాగా దొరుకుతాయి. వేడికి ఓర్చుకుంటాయి, అంత తేలిగ్గా అంటుకోవు. ఒక్కోటి 3.2 వోల్టులే కాబట్టి 12ఎస్ పెడితే 38.4 వస్తుంది. 12ఎస్ 2పీకి 24 సెల్స్, దాదాపు మూడున్నర కిలోలు, మందం 32 మిల్లీమీటర్ల పైన. బరువు, మందం పర్వాలేదనుకుంటే, ఇంట్లో పెద్దవాళ్లు బ్యాటరీ అనగానే టెన్షన్ పడుతుంటే ఇదే పెట్టండి. చార్జర్ మాత్రం 43.8 వోల్టులది వేరే కావాలి. ఎంత కరెంటు ఇస్తుందో, ఎంత చార్జి తీసుకుంటుందో కంపెనీని బట్టి మారుతుంది, డేటాషీట్ చూశాకే పీ ఖాయం చేసుకోండి.

దాబాగార్డెన్స్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, సెల్స్ చేతికి రాగానే రెండు పరీక్షలు చేయండి. మొదటిది తూకం. అసలు 30క్యూ 48 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, 21700 అయితే 70. బాగా తక్కువ తూగితే లోపల సరుకు లేదన్నమాట. 18650 మీద 9,900 ఎంఏహెచ్ అని రాసి ఉంటే తూచక్కర్లేదు కూడా, అంత పట్టే 18650 లేదు. రెండోది మల్టీమీటర్. ఒకే లాట్‌లో కొత్త సెల్స్ అన్నీ దాదాపు ఒకే వోల్టేజీ చూపించాలి. ఒకటి మూడున్నర, ఒకటి రెండున్నర చూపిస్తే ఆ డబ్బా తిరిగి పంపేయండి.

5. దిగేటప్పుడు బ్రేకు వేసేది బ్యాటరీయే

ఈ బోర్డులకి వేరే బ్రేకు ఉండదు. మోటారే జనరేటర్‌లా మారి బోర్డుని పట్టి ఆపుతుంది, పుట్టిన కరెంటు బ్యాటరీలోకి వెళుతుంది. ఆ కరెంటు తీసుకునే శక్తి బ్యాటరీకి ఎంత ఉంటే, స్పీడులో ఉన్నప్పుడు బ్రేకు అంత.

అదే 10 శాతం డౌన్ దిగుతున్నారు, స్పీడు 20 దాటకూడదు. కిందికి లాగే 83 న్యూటన్లలోంచి రాపిడికి 17, గాలికి ఓ 11 తీసేస్తే 55 మిగిలాయి. అంటే 300 వాట్లు బ్రేకు పట్టుకోవాలి. అందులో 245 దాకా బ్యాటరీకి చేరుతుంది. 40 వోల్టుల దగ్గర ఆరు ఆంపియర్లు. 30క్యూ చార్జి తీసుకునే హద్దు సెల్‌కి 4 ఆంపియర్లు. 2పీ అయితే మొత్తం 8. స్పీడు పెరగకుండా పట్టుకోవడానికే ఆరు అయిపోయాయి, ఆవు అడ్డం వచ్చినప్పుడు ఆపడానికి మిగిలినవి రెండు. 4పీ అయితే హద్దు 16, పది మిగులుతాయి. పీ42ఏకి సెల్‌కి 8.4 కాబట్టి 3పీతో 25. ఎక్కడానికి 2పీ చాలుతుందని లెక్క తేలినా, దిగేటప్పటి ఈ లెక్క చూశాక మన ఊళ్లో 2పీ కట్టమని ఎవరికీ చెప్పను.

పైన ఇల్లున్నవాళ్లకి ఇంకో మాట. రాత్రంతా ఫుల్ చార్జి పెట్టి, పొద్దున్నే గేటు దాటగానే డౌన్ దిగితే, నిండిన బ్యాటరీలోకి బ్రేకు కరెంటు పోదు. వోల్టేజీ పైకి ఎగబాకుతుంది, కంట్రోలర్ చేతులెత్తేయొచ్చు. సెల్‌కి 4.1 వోల్టుల దగ్గర, అంటే 10ఎస్‌కి 41 దగ్గర చార్జింగ్ ఆపేయండి. పోయేది కొద్దిపాటి దూరమే, సెల్స్ కూడా ఎక్కువకాలం వస్తాయి.

6. కిలోమీటర్లు

ఇప్పుడు చూసుకోండి. చదును మీద 20 స్పీడులో లెక్కకి కిలోమీటరుకి పది వాట్-అవర్లు చాలు. సముద్రపు ఎదురుగాలి, ఆగడాలు, బయల్దేరడాలు కలుపుకుంటే 13 వేసుకోవడం మంచిది. దానికి తోడు, 85 కిలోల్ని ఎక్కించే ప్రతి 10 మీటర్ల ఎత్తుకీ మూడేసి వాట్-అవర్లు. బ్యాటరీలో 85 శాతమే వాడుకోవాలి. 432 వాట్-అవర్ల ప్యాక్‌లో 367 మన చేతిలోవి. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ వెళ్లి రావడానికి, తెన్నేటి పార్కు దగ్గర ఎక్కుడు కలుపుకున్నా, ఇబ్బంది ఉండదు. భీమిలి దాకా వెళ్లి అదే చార్జితో తిరిగి రావాలనుకుంటే మాత్రం ఈ ప్యాక్ చాలదు, చార్జర్ సంచీలో వేసుకోండి.

7. డెక్ కింద పట్టించడం

30క్యూ నాలుగేసి పడుకోబెట్టి, అయిదు గుంపులు ఒక వరస, పక్కనే ఇంకో అయిదు పెడితే 10ఎస్ 4పీ సుమారు 150 × 345 మిల్లీమీటర్ల పలక అవుతుంది. పీ42ఏ 3పీ అయితే 135 × 365. టేపు, కవరు కలుపుకుని మందం పాతిక మిల్లీమీటర్ల లోపే. పెట్టె చేయించే ముందు అట్టముక్క ఈ కొలతకి కోసి డెక్ కింద అతికించి, ఒకసారి నిలబడి ఊగండి. డెక్ వంగితే ప్యాక్ కూడా వంగుతుంది, అతుకులు ఊడతాయి. బిర్రుగా ఉండే డెక్ అయితేనే ఒకే పలక. సాగే డెక్ అయితే గుంపుల్ని కలిపే నికెల్ పట్టీ బదులు మెత్తటి సిలికాన్ వైరు వాడాలి.

సెల్స్‌ని టంకంతో అతకొద్దు, స్పాట్ వెల్డింగే. ప్రతి సెల్ ప్లస్ కొస మీద బార్లీ పేపర్ ఉంగరం తప్పనిసరి. సెల్ ఒంటికి చుట్టిన పల్చటి ప్లాస్టిక్ పొర రోడ్డు అదురుకి అరిగితే, ప్లస్సుకీ మైనస్సుకీ మధ్య అడ్డుండేది ఆ ఉంగరమే. గుంపుకీ గుంపుకీ మధ్య కూడా అదే పేపరు పెట్టండి.

నికెల్ పట్టీ పేరుతో నికెల్ పూత పూసిన ఇనుము అమ్ముతారు. పైకి తేడా తెలియదు. ఒక ముక్క కోసి, ఉప్పుకాగితంతో పైపొర గీకి, సీసాడు సముద్రం నీళ్లు తెచ్చి అందులో వేసి ఉంచండి. ఒకటి రెండు రోజుల్లో గీకిన చోట ఎర్రటి తుప్పు కనిపిస్తే అది ఇనుమే, పారేయండి. అసలు నికెల్ మెరుస్తూ ఉంటుంది. పట్టీ 0.15 × 8 మిల్లీమీటర్లది అయితే అయిదారు ఆంపియర్లకి మించి నమ్మొద్దు. అందుకని గుంపుల మధ్య ఒక్కటే పట్టీ కాకుండా, ప్రతి సెల్‌కీ ఎదురుగా ఒక పట్టీ, దాని మీద ఇంకోటి వేయాలి, పీ42ఏ 3పీకైతే మూడోది కూడా.

8. బీఎంఎస్, ఫ్యూజు, సెట్టింగులు

బీఎంఎస్ గుండా చార్జింగ్ మాత్రమే జరగాలి. మోటారు వైపు వెళ్లే వైరు దాన్ని దాటుకుని నేరుగా పోవాలి. ఎందుకంటే దిగుడులో బీఎంఎస్‌కి ఏదో అనుమానం వచ్చి ఠక్కున కట్ చేస్తే బ్రేకు కూడా పోతుంది. చార్జి అయిపోకుండా చూసే పని వెస్క్‌కి అప్పగించండి. 10ఎస్‌కి 34 వోల్టుల దగ్గర శక్తి తగ్గడం మొదలై, 31 దగ్గర ఆగిపోయేలా పెట్టుకుంటే, బోర్డు నీరసపడుతుంది కానీ బ్రేకు ఉంటుంది. బ్యాటరీ కరెంటు 40, వెనక్కి వచ్చేది 30క్యూ 4పీకి మైనస్ 16. రెండు మోటార్లయితే ఒక్కో వెస్క్‌కి ఇందులో సగం చొప్పున పెట్టాలి, చాలామంది ఇది మరిచిపోతారు. ప్లస్ వైరుకి ప్యాక్ పక్కనే 60 ఆంపియర్ల ఫ్యూజు, స్పార్క్ రాకుండా ఎక్స్‌టీ90-ఎస్ కనెక్టర్ పెడితే ఈ భాగం అయిపోయినట్టే.

ఉప్పుగాలి సంగతి

బీచ్ రోడ్డు పక్కన ఇనప గ్రిల్స్ ఏమవుతాయో చూస్తూనే ఉన్నాం. బ్యాలెన్స్ వైర్ల (ఒక్కో గుంపు నుంచి బీఎంఎస్‌కి వెళ్లే సన్నటి వైర్లు) కొసలకీ అదే గతి పడుతుంది. పెట్టె అంచు చుట్టూ రబ్బరు గ్యాస్కెట్ వేయండి. సిలికాన్ పూయాలనుకుంటే వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, ఆ ఆసిడ్ రాగినీ అతుకుల్నీ తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది తీసుకోండి. వాన పడుతుంటే బోర్డు బయటికి తీయొద్దు. మే నెలలో డౌన్ ఎక్కి వచ్చిన వెంటనే చార్జింగ్ పెట్టొద్దు, చేత్తో ముడితే పెట్టె వెచ్చగా లేదనిపించాకే పెట్టండి. అది కూడా మంచం కిందో, అపార్ట్‌మెంటు మెట్ల దగ్గరో కాదు, మీ కళ్లెదురుగా, ఉత్త నేల మీద. కొన్ని వారాలు వాడరనుకుంటే సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచండి.

చట్టం మాట కూడా చెప్పాలి. 250 వాట్లు, గంటకి 25 కిలోమీటర్ల లోపు బ్యాటరీ బండ్లకి ఇచ్చే మినహాయింపులోకి ఈ మోటార్లు రావు, పైగా ఇంట్లో కట్టినదానికి ఆమోదముద్ర ఎవరూ వేయరు. ట్రాఫిక్‌లోకి తీసుకెళ్లకండి.

మొదటిసారి డౌన్ మీదికి వెళ్లేటప్పుడు బ్యాటరీ 38 వోల్టుల దగ్గర ఉండేలా చూసుకోండి, హెల్మెట్, మోకాలి ప్యాడ్‌లు వేసుకోండి. ముందు కింద నుంచి పైకి ఎక్కండి. పైన ఆగి, ఫోన్లో వెస్క్ యాప్ తెరిచి, ఎక్కినప్పుడు పడ్డ కనిష్ఠ వోల్టేజీ చూడండి. 33కి తగ్గకపోతే మీ పీ సరిపోయింది. బాగా కిందికి పోయి ఉంటే సెట్టింగులతో కుస్తీ పడకండి, ప్రతి గుంపుకీ ఇంకో సెల్ కొనండి. దిగడం మాత్రం మొదటి రోజు సగం ఎత్తు నుంచే మొదలుపెట్టండి.